పిల్లి తోకకు మంట తగిలింది, మా వంటగదికి తలుపు లేదు. ఏం చేయమంటారు?

మల్లెతీగ_తిరుపతి
ఆదివారం పొద్దున జరిగింది. ఇంకా మనసు కుదుటపడలేదు. పాలు కాచి గట్టు మీద పెట్టి, పెనం వేద్దామని మంట తగ్గించి, దోసెల పిండి కోసం ఫ్రిజ్ దగ్గరికి వెళ్లాను. అంతలో నీళ్ల క్యాన్ అబ్బాయి తలుపు కొట్టాడు. డబ్బులిచ్చి వెనక్కి తిరిగేసరికి వెంట్రుకలు కాలిన వాసన. మా జున్ను (ఏడాదిన్నర పిల్లి, తెల్లగా ఉంటుందని పాప పెట్టిన పేరు) గట్టెక్కి పాలగిన్నెలో మూతి పెట్టింది. దాని తోక వెనకాల మంట మీద ఆడుతోంది. నేను అరిచిన అరుపుకు అది ఎగిరి దూకి మంచం కిందికి దూరింది. తోక చివర రెండు అంగుళాల మేర వెంట్రుకలు లేవు, చర్మం ఎర్రగా ఉంది. బలవంతంగా బయటికి లాగి కొళాయి కింద నీళ్లు పోశాను, రెండు నిమిషాలు కూడా ఉండనివ్వలేదు.

మా ఆయన దాన్ని చంద్రగిరి దగ్గర తెలిసినవాళ్ల తోటలో వదిలేద్దామంటున్నారు. పాప రెండు రోజులుగా సరిగా తినడం లేదు. మేముండేది బైరాగిపట్టెడలో అద్దె ఇల్లు. హాలుకూ వంటగదికీ మధ్య ఆర్చి మాత్రమే ఉంది, తలుపు లేదు. గోడకు మేకు కొడితే ఇంటివారు ఒప్పుకోరు. రెండు విషయాలు చెప్పండి. తలుపు లేని వంటగదిలోకి పిల్లి రాకుండా ఎలా చూసుకోవాలి? మంట కాక గ్యాస్ పొయ్యితో జంతువులకు ఇంకేమైనా ప్రమాదాలు ఉన్నాయా?

నాటుకోడి
పాపకు ధైర్యం చెప్పండి. తోక చివర వెంట్రుకలు మళ్లీ వస్తాయి. మా ఇంటి పిల్లికి ఒకసారి సగం మీసం పోయింది, నెలన్నరలో ఎప్పటిలాగే పెద్దమనిషి తరహాలో తిరిగింది.

పశువైద్య_విద్యార్థిని
నాటుకోడి గారు, వెంట్రుకల సంగతి పక్కన పెట్టండి, చర్మం చూడాలి. జంతువుల కాలిన గాయంలో ఉన్న చిక్కే ఇది. బొచ్చు కింద గాయం ఎంత లోతుందో మొదటిరోజు తెలియదు. రెండు మూడు రోజుల తర్వాత చర్మం నల్లబడి గట్టిపడటం, ఊడిరావడం మొదలవుతుంది. మల్లెతీగ గారు, మీరు నీళ్లు పోసి చాలా మంచి పని చేశారు. కొళాయి నీళ్లు, మామూలు చల్లదనం, పది నుంచి ఇరవై నిమిషాలు. ఐసు ముక్కలు వద్దు, రక్తనాళాలు ముడుచుకుపోయి గాయం ఇంకా ముదురుతుంది. ఇప్పుడు చేయవలసింది దాన్ని ఆసుపత్రికి తీసుకెళ్లడం. తోక కాబట్టి అది నాకుతూనే ఉంటుంది, నాకితే పుండవుతుంది. మెడకు గరాటులాంటి పట్టీ వేస్తారు.

కాణిపాకం_కాంతమ్మ
ఆసుపత్రి దాకా ఎందుకమ్మా. వెన్నలో పసుపు కలిపి రాయి. మా అత్తగారు మనుషులకూ దూడలకూ అదే రాసేవారు.

పశువైద్య_విద్యార్థిని
కాంతమ్మ గారు, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను, కాలిన చోట వెన్న, నెయ్యి రాస్తే వేడి లోపలే నిలిచిపోతుంది. పైగా పిల్లి నాలుకకు వెన్న దొరికితే ఇక ఆగుతుందా? గాయాన్ని గీరుతూ నాకుతుంది. టూత్‌పేస్టు, సిరా కూడా వద్దు.

ఇంకొక మాట, ఇది ఇక్కడ చదివే అందరికీ. నొప్పి తగ్గాలని పిల్లికి పారాసిటమాల్ ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకండి. మన కాలేయం ఆ మందును విరిచి బయటికి పంపే దారి పిల్లి కాలేయంలో దాదాపు లేదు. ఆ మందు రక్తంలోకి చేరి ప్రాణవాయువును మోయకుండా చేస్తుంది. చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, మొహం వాస్తుంది. ఒక్క మాత్ర చాలు చంపడానికి. పసిపిల్లలకు ఇచ్చే మందే కదా అని ఇచ్చి, చచ్చిపోతున్న పిల్లిని ఒడిలో పెట్టుకుని వచ్చిన వాళ్లను నేను చూశాను. ఆ మొహాలు మరిచిపోలేను.

మల్లెతీగ_తిరుపతి
అమ్మో. నిన్న రాత్రి మా ఆయన పాప సిరప్ అర చెంచా ఇద్దామా అన్నారు. నేనే ఎందుకో వద్దన్నాను. రేపు పొద్దున్నే తీసుకెళ్తాను.

కాణిపాకం_కాంతమ్మ
సరే తల్లీ, చదువుకున్న పిల్లవు చెప్పావు, వింటాను. ఆ మాత్ర సంగతి నాకు నిజంగా తెలియదు.

రేణిగుంట_రాజు
తిరుపతిలో ఉండి ఎక్కడికి వెళ్లాలని వెతకనక్కరలేదు. మన పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది కదా. 1955లో పెట్టిన కళాశాల, 2005లో దానితోనే విశ్వవిద్యాలయం వచ్చింది. అక్కడ ఆవులూ గేదెలే చూస్తారని చాలామంది అనుకుంటారు. మా కుక్కను రెండుసార్లు అక్కడే చూపించాను. పొద్దున తొందరగా వెళ్లండి, వరుస ఉంటుంది. పిల్లిని చేతుల్లో పట్టుకుని మాత్రం వెళ్లకండి, అక్కడ కుక్కల్ని చూస్తే గీరి పారిపోతుంది. మూత ఉన్న బుట్టలో, పాత తువ్వాలు వేసి.

కట్టెలపొయ్యి
నాకు ఎనభై దగ్గర పడుతోంది. మా చిన్నప్పుడు పలమనేరు పక్క పల్లెలో ఇంటింటికీ పిల్లి ఉండేది, ఇంటింటికీ కట్టెల పొయ్యి ఉండేది. పిల్లి పొయ్యిలోనే పడుకునేది. ఇంట్లో వంట లేకపోతే 'పొయ్యిలో పిల్లి లేవలేదు' అనేవారు కదా. ఏ పిల్లీ కాలలేదు. ఇప్పటి పిల్లుల్ని ఇంట్లో పెట్టి ముద్దు చేయడం వల్లే ఈ బాధలన్నీ. జంతువు బయట ఉండాలి, అన్నం పెట్టాలి, అంతే.

చంద్రగిరి_చందు
పెద్దాయనా, మీ మాటలోనే జవాబుంది. కట్టెల పొయ్యి ఆరిందీ ఆరనిదీ పిల్లికి తెలుస్తుంది. నిప్పు కణకణలాడుతుంటే దగ్గరికి రాదు, పొగకే దూరం జరుగుతుంది. బూడిద చల్లారి గోరువెచ్చగా అయ్యాకే పడుకుంటుంది. గ్యాస్ పొయ్యికి ఆ గుర్తులేవీ లేవు. పొగ లేదు, నిప్పు లేదు. ఆర్పిన మరుక్షణం చల్లటి పొయ్యిలాగే కనబడుతుంది. కానీ గిన్నె పెట్టే ఇనుప చట్రం ఎంతసేపు కాలుతూ ఉంటుందో చేయి పెట్టి చూసినవాళ్లకు తెలుసు. మా ఇంట్లో పిల్లి కూనకు కాలి మెత్తలు కాలింది అలాగే. పొయ్యి ఆర్పేశాను కదా అని నేను నిశ్చింతగా ఉన్నాను. అది దూకింది, ఒక్క కేక పెట్టింది, నాలుగు రోజులు కుంటింది.

అందుకే అప్పటి నుంచి మా అమ్మ ఒక అలవాటు చేసుకుంది. వంట అయిన వెంటనే రెండు పొయ్యిల మీదా నీళ్లు నింపిన గిన్నెలు పెట్టేస్తుంది. పొయ్యి తొందరగా చల్లారుతుంది, పిల్లికి కాలు పెట్టే చోటు ఉండదు, గోరువెచ్చటి నీళ్లు అంట్లకు పనికొస్తాయి.

కట్టెలపొయ్యి
పొగ మాట బాగా చెప్పావు నాయనా. అది నేను ఆలోచించలేదు. బయట పెట్టాలన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

మల్లెతీగ_తిరుపతి
నీళ్ల గిన్నెల పని ఇవాళే మొదలుపెట్టాను. పెద్దాయన గారు, మేము మొదటి అంతస్తులో ఉన్నాం, కింద రోడ్డు, రోజంతా బస్సులూ ఆటోలూ. బయట వదిలితే ఇంట్లో కన్నా ముందు రోడ్డు మీద పోతుంది.

గిరింపేట_గిరి
మంట కాక ఇంకేం ప్రమాదం అని అడిగారు. మా ఇంట్లో జరిగింది చెబుతాను. ఇప్పటికీ మా ఇంటావిడ దాని గురించి మాట్లాడటానికి ఇష్టపడదు.

చిత్తూరులో మాది పాత ఇల్లు. కుక్క పేరు బంటి, పొడవైన కాళ్లు. ఒక ఆదివారం నాటుకోడి పులుసు చేసి, పొయ్యి ఆర్పి, గిన్నె పొయ్యి మీదే ఉంచి హాల్లో సంగటికి కూర్చున్నాం. బంటి వంటగదిలోకి వెళ్లడం చూశాను, పట్టించుకోలేదు. ముందుకాళ్లు రెండూ గట్టు అంచుకు ఆనించి నిలబడింది. పొయ్యి నాబ్‌లు ముందువైపే ఉంటాయి కదా. మా పొయ్యి పదకొండేళ్ల నాటిది, నాబ్‌లోని స్ప్రింగు వదులైపోయింది, నొక్కకుండానే తిరిగేది. దాని కాలు తగిలి నాబ్ తిరిగింది. మంట లేదు, లైటర్ వెలిగించలేదు, ఉత్త గ్యాస్ వస్తూనే ఉంది. ఇల్లంతా మసాలా వాసన, ఆ వాసనలో గ్యాస్ వాసన మాకు తెలియలేదు.

మా దేవుడి అర వంటగదిలోనే ఒక మూల. అన్నాలయ్యాక అరగంట పడుకుని లేచి, సాయంత్రం దీపం పెట్టడానికి మా ఇంటావిడ అగ్గిపెట్టె చేతిలోకి తీసుకుంది. అప్పుడే బంటి తుమ్ముకుంటూ, తూలుకుంటూ వంటగది గడప దాటి వచ్చింది. అప్పటిదాకా అది నేల మీద గట్టు కిందే పడుకుని ఉంది. ఎందుకలా నడుస్తోందని ఆవిడ వంగి చూసింది. వంగగానే వాసన ముక్కుకు కొట్టింది. నిలబడి ఉన్నప్పుడు అంతగా లేని వాసన, మోకాళ్ల ఎత్తులో ఊపిరాడనంత.

ఆ అగ్గిపుల్ల గీసి ఉంటే ఇవాళ ఈ మాటలు రాయడానికి నేను ఉండేవాడిని కాదు. కుక్కే తిప్పింది, కుక్కే కాపాడింది.

నాటుకోడి
గిరి గారూ, చదువుతుంటే చేతులు వణికాయి. నా పేరు మార్చుకోవాలనిపిస్తోంది. బంటికి నా తరఫున ఒక ఎముక పెట్టండి.

పశువైద్య_విద్యార్థిని
నాటుకోడి గారు, ఉడికించిన కోడి ఎముక మాత్రం వద్దండీ! చీలికలై గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటుంది.

సిలిండర్_శీనన్న
పద్దెనిమిదేళ్లుగా తిరుపతిలో ఇళ్లకు సిలిండర్లు వేస్తున్నాను, పొయ్యిలు బాగు చేస్తాను. గిరి గారు చెప్పిన దాని వెనక కారణం ఇది. మన వంటగ్యాస్ గాలికన్నా ఒకటిన్నర నుంచి రెండింతల బరువు. అందుకే కారితే పైకి పోదు, నీళ్లలాగా నేల మీద పరుచుకుంటుంది. మనం ఐదడుగుల ఎత్తులో గాలి పీలుస్తాం. కుక్క, పిల్లి అడుగు ఎత్తులో పీలుస్తాయి. పడుకుంటే ఇంకా కింద. గ్యాస్ విషం కాదు, కానీ గాలిని పక్కకు నెట్టేస్తుంది, ఊపిరాడదు. గాలిలో సుమారు రెండు శాతం చేరితే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. దానికి సొంత వాసన కూడా లేదు, మనకు తెలియాలనే మెర్కాప్టన్ అనే ఘాటైన మందు కలుపుతారు.

కిటికీ తెరిచే ఉంది కదా అంటారు చాలామంది. కిటికీ మూడడుగుల ఎత్తులో ఉంటే నేల మీది గ్యాస్ దాన్ని ఎప్పుడు దాటాలి? తలుపు తెరవాలి. గట్టు కింద అరలు కట్టించి, తలుపులు బిగించి, లోపల సిలిండర్ పెట్టేస్తున్నారు ఇప్పుడు. చూడటానికి బాగుంటుంది. ఆ తలుపులకు అడుగున గాలి రంధ్రాలు లేకపోతే అది పెట్టెలో గ్యాస్ నిల్వ చేసినట్టే. పిల్లి ఆ అరలో దూరి పడుకునే ఇళ్లు నేనే మూడు చూశాను.

వాసన వస్తే: రెగ్యులేటర్ కట్టేయండి. ఏ స్విచ్చీ వేయకండి, తీయకండి, ఫ్యానుతో సహా. తలుపులు తెరవండి. మనుషులతో పాటు జంతువుల్నీ బయటికి తీసుకెళ్లండి. బయటికి వెళ్లాక 1906కు ఫోను చేయండి, రాత్రీ పగలూ పలుకుతుంది. ఇంటి లోపలి నుంచి మాత్రం ఫోను చేయకండి.

అలిపిరి_అరుణ
పైపు గ్యాస్ ఉన్న ఇళ్లలో కూడా ఇంతేనా అన్నా? మా అక్కవాళ్లకు ఆ కనెక్షన్ ఉంది.

సిలిండర్_శీనన్న
అది వేరు అరుణమ్మా. పైపులో వచ్చేది మీథేన్, గాలికన్నా తేలిక, పైకి పోతుంది. అక్కడ కిటికీ, పైన ఉన్న రంధ్రం పనికొస్తాయి. నేను చెప్పింది సిలిండర్ ఇళ్లకు. స్విచ్చులు ముట్టుకోకపోవడం మాత్రం రెండింటికీ ఒకటే.

మల్లెతీగ_తిరుపతి
శీనన్నా, మా సిలిండర్ గట్టు కిందే, లోపలి మూలకు ఉంది. ముందు బియ్యం డబ్బా. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, వంగలేరు, అందుకని రెగ్యులేటర్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. నేను పనికి వెళ్లాక వంటింట్లో ఆవిడే.

అలిపిరి_అరుణ
ప్రతిసారీ రెగ్యులేటర్ కట్టడం ఎవరికి కుదురుతుంది? రోజుకు పదిసార్లు పొయ్యి వెలిగిస్తాం. కాఫీ, టిఫిను, అన్నం, మళ్లీ కాఫీ. రాత్రి పడుకునే ముందు, ఊరెళ్లేటప్పుడు కడితే చాలు.

గిరింపేట_గిరి
అరుణ గారూ, మాకు జరిగింది రాత్రి కాదు, ఊరెళ్లినప్పుడూ కాదు. పట్టపగలు, అందరం ఇంట్లో ఉండగా, పక్క గదిలో. జంతువు ఉన్న ఇంట్లో లెక్క వేరు. వంటగదిలో మనిషి లేకపోతే రెగ్యులేటర్ కట్టి ఉండాలి. నేను ఇందులో రాజీ పడను.

అలిపిరి_అరుణ
మీ బాధ నాకు అర్థమైంది. కానీ మోకాళ్లు నొప్పులున్న ముసలావిడను రోజుకు పదిసార్లు వంగమని చెప్పలేం కదా. జరగని నియమం పెట్టుకుంటే నాలుగో రోజు ఎవరూ పాటించరు. దానికన్నా నాబ్ తిరగకుండా చూసుకోవడం మేలు.

సిలిండర్_శీనన్న
ఇద్దరి మాటా కలిసే దారి ఉంది. మల్లెతీగమ్మా, 14.2 కిలోల సిలిండర్ దాదాపు రెండడుగుల ఎత్తు ఉంటుంది. రెగ్యులేటర్ అంత కింద ఏమీ ఉండదు. మీ అత్తగారు వంగవలసి వస్తున్నది సిలిండర్ ఎత్తు వల్ల కాదు, అది మూలకు ఉండటం వల్ల, ముందు బియ్యం డబ్బా ఉండటం వల్ల. దాన్ని గట్టు అంచుకు, చేతికి అందే చోటికి జరపండి. నిలువుగానే ఉండాలి, పొయ్యికన్నా కిందే ఉండాలి. డబ్బా పక్కకు పెట్టండి. ఒక బల్ల వేసుకుని కూర్చుని కూడా తిప్పవచ్చు. గొట్టం మాత్రం ఒకటిన్నర మీటరుకు మించకూడదు, మెలిక పడకూడదు.

నాబ్‌ల సంగతి. చాలా పొయ్యిలకు నాబ్ ముందుకు లాగితే ఊడి వస్తుంది. వంట అయ్యాక తీసి డబ్బాలో వేసుకోవచ్చు. పిల్లలున్న ఇళ్ల కోసం అమ్మే ప్లాస్టిక్ మూతలు కూడా ఉన్నాయి. నొక్కకుండా తిరిగే నాబ్ ఉంటే అది మరమ్మతుకు ఇవ్వాల్సిన పొయ్యి, మూతలతో సర్దుకోవద్దు. నాబ్ తిప్పితే తానే వెలిగే రకం పొయ్యిలున్నవాళ్లు ఇంకా జాగ్రత్త. అక్కడ కుక్క కాలు తగిలితే గ్యాసే కాదు, మంటే వస్తుంది.

రేణిగుంట_రాజు
శీనన్నా, గొట్టం ఎలుకలు కొరకడం గురించి కూడా చెప్పు. మా ఇంట్లో రెండుసార్లు కొరికాయి.

సిలిండర్_శీనన్న
పచ్చ రంగు మెత్తటి గొట్టం వాడుతున్నారేమో, వెంటనే తీసేయండి. లోపల ఉక్కు తీగ అల్లిక ఉన్న నారింజ రంగు సురక్షా గొట్టం వేయించండి, ఐఎస్‌ఐ ముద్ర చూసుకోండి, ఐదేళ్లకోసారి మార్చాలి. గొట్టం మీద సంవత్సరం అచ్చువేసి ఉంటుంది. ఎలుకలే కాదు, కుక్కపిల్లలు పళ్లు వచ్చే వయసులో గొట్టాన్ని కొరుకుతాయి, పిల్లి గోళ్లు గీరుతుంది. పగుళ్లున్నాయా అని నెలకోసారి సబ్బు నురుగు రాసి చూడండి. బుడగ వస్తే కారుతున్నట్టు. అగ్గిపుల్లతో చూడకండి, ఇప్పటికీ చూసేవాళ్లున్నారు.

సిలిండర్ పిడి కింద ఉక్కు పట్టీ మీద అక్షరం, అంకె ఉంటాయి. 'బి 27' అంటే 2027 జూన్ దాకా పరీక్ష గడువు. ఎ అంటే మార్చి, బి జూన్, సి సెప్టెంబరు, డి డిసెంబరు. గడువు దాటినది తెస్తే తీసుకోకండి. నేను తెచ్చినా సరే.

చంద్రగిరి_చందు
మల్లెతీగ గారి ఆయనకు ఈ మాట చూపించండి. తోటలో వదిలేస్తామన్న ఆ పిల్లే ఇంట్లో ఎలుకలు గొట్టం జోలికి రాకుండా చూసేది.

మల్లెతీగ_తిరుపతి
చూపించాను. ఏమీ అనలేదు, కానీ గట్టు కింద వంగి గొట్టం చూశారు. 2016 అని ఉందట. పచ్చగొట్టం కాదు, నారింజదే, అయినా అంత పాతది. రేపు మార్పిస్తానన్నారు.

పిచ్చుకగూడు
పక్షుల మాట ఎవరూ ఎత్తలేదు, అందుకని రాస్తున్నాను. మాకు లవ్‌బర్డ్స్ జత ఉండేది. పంజరం వంటగదికి ఆనుకుని. ఒకరోజు నాన్‌స్టిక్ పెనం మంట మీద పెట్టి ఫోను వచ్చిందని వెళ్లాను. ఖాళీ పెనం, పెద్ద మంట. వచ్చేసరికి పెనం నుంచి సన్నటి పొగ, పెద్దగా వాసన కూడా లేదు. అరగంటలో రెండూ పంజరం అడుగున పడిపోయాయి. ఆసుపత్రికి చేరేలోపే చనిపోయాయి. నాన్‌స్టిక్ పూత 260 డిగ్రీలు దాటి కాలితే వచ్చే ఆవిరి పక్షుల ఊపిరితిత్తులు తట్టుకోలేవట. మనిషికి దగ్గు వస్తుంది, పక్షికి ప్రాణం పోతుంది. నాకు అది ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. అందుకే ఎక్కడ సందర్భం వచ్చినా చెబుతున్నాను.

కాణిపాకం_కాంతమ్మ
అయ్యో తల్లీ. మా పెద్దమ్మాయి ఇంట్లో రామచిలుక పంజరం వంటగదిలోనే ఉంది. ఇప్పుడే ఫోను చేస్తాను. మనమంతా ఇనుప పెనం మీద పోసుకున్నవాళ్లమే, మళ్లీ అదే మంచిదేమో.

రేణిగుంట_రాజు
కాంతమ్మ గారూ, ఇనుప పెనం మంచి మాట. కానీ రామచిలుకను ఇంట్లో పెంచకూడదు, 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి వస్తుంది. అమ్మాయి గారికి నెమ్మదిగా చెప్పండి, అటవీశాఖ వాళ్లకు అప్పగించడం మంచిది. పంజరంలో పెరిగినదాన్ని ఉన్నట్టుండి ఎగరేస్తే కాకులు పొడిచేస్తాయి.

పశువైద్య_విద్యార్థిని
పిచ్చుకగూడు గారు చెప్పింది అక్షరాలా నిజం. పక్షులకు ఊపిరి మనలా లోపలికీ బయటికీ కాదు, గాలి వాటి ఊపిరితిత్తుల్లో ఒకే దిక్కుగా సాగుతూ ఉంటుంది. అందుకే విషం తొందరగా ఎక్కుతుంది. పూర్వం బొగ్గు గనుల్లో కెనరీ పిట్టల్ని తీసుకెళ్లేది ఇందుకే. పొయ్యి మంట నీలంగా కాక పసుపుపచ్చగా, గిన్నె అడుగున మసి పట్టేలా వస్తుంటే బర్నర్ రంధ్రాలు పూడుకున్నాయని అర్థం. సరిగా మండని గ్యాస్ నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. సంగటి పొంగి పడ్డప్పుడల్లా బర్నర్ తీసి కడగండి.

అలిపిరి_అరుణ
ఇంత గొడవ లేకుండా ఇండక్షన్ పొయ్యి కొనుక్కోవచ్చు కదా? మంట లేదు, గ్యాస్ లేదు.

చంద్రగిరి_చందు
మా తమ్ముడి ఇంట్లో ఇండక్షన్ పొయ్యి మీద పిల్లి నడిచి దాన్ని వెలిగించింది. తాకితే పనిచేసే బటన్లు, పిల్లి కాలు చాలు. పైన నూనె బాణలి ఉంది. అదృష్టం కొద్దీ చూశారు. పైన ఇనుప గిన్నె లేకపోతే ఇండక్షన్ వేడెక్కదు, అంతవరకు మంచిదే. ప్లగ్గు దగ్గర స్విచ్చు తీసేసే అలవాటు దానికీ ఉండాలి.

బాలాజీకాలనీ_భాను
పిల్లి రాకుండా గట్టు మీద కారప్పొడి చల్లండి. లేకపోతే నాఫ్తలీన్ ఉండలు పెట్టండి, ఆ వాసనకు రాదు.

పశువైద్య_విద్యార్థిని
దయచేసి వద్దు. కారం కాళ్లకు అంటి, కాళ్లు నాకినప్పుడు నోట్లోకి, కళ్లలోకి పోతుంది. నాఫ్తలీన్ పిల్లులకు విషం, ఆవిరి పీల్చినా హానే. కర్పూరం కూడా అంతే. దాన్ని రాకుండా చేయడానికి దాన్నే చంపుకోవడం ఏమిటి?

బాలాజీకాలనీ_భాను
తెలియక రాశాను. మా బీరువాలో ఉన్నవి కూడా తీసేస్తాను, మా పిల్లి అందులోనే పడుకుంటుంది.

గూడూరు_గౌరి
ఒక మాట అడగనా? వంటగదికి తలుపు లేదని అందరం బాధపడుతున్నాం. పడకగదికి తలుపు ఉంది కదా?

మాకు మూడు పిల్లులు. పొయ్యి వెలిగించే ముందు వాటి పళ్లెం చెంచాతో మూడుసార్లు కొడతాను. మూడూ పడకగదిలోకి పరుగెత్తుతాయి, అన్నం అక్కడే పెట్టి తలుపు వేస్తాను. వంట అయ్యాక, నీళ్ల గిన్నెలు పెట్టాక తలుపు తీస్తాను. మొదటి వారం తలుపు గీరాయి, అరిచాయి. తర్వాత పళ్లెం చప్పుడు వినకముందే, లైటర్ చప్పుడుకే వెళ్లి కూర్చోవడం మొదలుపెట్టాయి. ఆకలితో ఉన్న పిల్లిని పాల వాసన దగ్గర ఆపడం ఎవరి తరమూ కాదు. కడుపు నిండిన పిల్లికి పాలగిన్నె మీద అంత ధ్యాస ఉండదు.

ఇంకొకటి. పిల్లి గట్టు ఎందుకు ఎక్కుతుందో చూడండి. మన ఎండల్లో ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండేది ఆ గ్రానైట్ రాయే. ఏప్రిల్, మే నెలల్లో మావి రోజంతా దాని మీదే పడుకునేవి. గ్రానైట్ కొట్టులో వంద రూపాయలకు ఒక తెగిన ముక్క తెచ్చి పడకగది కిటికీ కింద వేశాను. దాని పైన ఎత్తుగా ఒక బల్ల. ఎత్తూ దొరికింది, చల్లదనమూ దొరికింది. గట్టు మరిచిపోయాయి.

కట్టెలపొయ్యి
గౌరమ్మా, బంగారం లాంటి మాట చెప్పావు. పసుల్ని కట్టేసే ముందు గడ్డి వేసే పద్ధతే ఇది.

మల్లెతీగ_తిరుపతి
ఎంత దగ్గరలో ఉందో ఈ ఉపాయం! నాకు తలుపు అంటే వంటగది తలుపే కళ్లముందు ఉంది. గౌరి గారూ, మీ చేతులకు దండం.

జున్నును ఇవాళ ఆసుపత్రికి తీసుకెళ్లాం. చర్మం పైపొర మాత్రమే కాలిందట, చివర అర అంగుళం మాత్రం చూస్తూ ఉండాలన్నారు. పూత మందు ఇచ్చారు, మెడకు పట్టీ వేశారు. ఆ పట్టీతో అది వెనక్కి వెనక్కి నడుస్తోంది. పాప దాని వెంటే తిరుగుతూ అన్నం తినిపించింది, తనూ తింది.

నాటుకోడి
ఇద్దరి కడుపూ నిండింది.

మల్లెతీగ_తిరుపతి
పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. కొత్త గొట్టం వచ్చింది. సిలిండర్ గట్టు అంచుకు జరిపాం, బియ్యం డబ్బా హాల్లోకి వెళ్లింది. మా అత్తగారు స్టూలు వేసుకుని కూర్చుని రెగ్యులేటర్ తిప్పుతున్నారు. గిరి గారి బంటి కథ ఆవిడకు చదివి వినిపించాను. విన్నాక ఎవరూ చెప్పకుండానే పక్కింటికి వెళ్లి వాళ్ల రెగ్యులేటర్ కూడా చూసి వచ్చారు. తోట మాట మా ఆయన మళ్లీ ఎత్తలేదు.

జున్ను పళ్లెం చప్పుడుకు ఇప్పుడిప్పుడే అలవాటు పడుతోంది. పది సార్లలో ఆరు సార్లు వెళ్తోంది. తోక చివర కొంచెం నల్లబడి రాలింది, కింద లేత గులాబీ రంగు చర్మం వచ్చింది. వెంట్రుకలు ఇంకా రాలేదు.

పశువైద్య_విద్యార్థిని
గులాబీ రంగు మంచి గుర్తు. ఎండ తగలనివ్వకండి, పట్టీ ఇంకో వారం ఉంచండి. అది ఎంత బతిమాలినా తీయకండి.

గూడూరు_గౌరి
ఆ నాలుగు సార్లు ఎందుకు వెళ్లడం లేదో చూడండి. ఆ రోజుల్లో వంటింట్లో చేపలేమైనా ఉన్నాయా?

మల్లెతీగ_తిరుపతి
రెండు సార్లు చేపలే!